నాలుగో పంపు చెడిపోవలసిన తేదీ

ఆ సంవత్సరం మార్చి ముప్పై ఒకటిన క్యాంటీన్‌లో చింతపండు పులిహోర, ఊరమిరపకాయలు, సేమ్యా పాయసం పెట్టారు. ఆర్థిక సంవత్సరం ఆఖరి రోజని కాదు, కొత్త డైరెక్టరు గారు తనిఖీకి వస్తున్నారని. పద్మనాభం గారికి ఆ తేదీ ఇప్పటికీ గుర్తుండటానికి కారణం మాత్రం పాయసంలో వచ్చిన జీడిపప్పు. భార్య పోయాక క్యాంటీను భోజనానికి అలవాటుపడిన ఆ నాలుగేళ్లలో ఆయన గిన్నెలో జీడిపప్పు కనిపించడం అదే మొదటిసారి. దాన్ని ఆయన చివరిదాకా పక్కన ఉంచుకుని తిన్నారు.

కొండవేలూరు మోటారు మన్నిక పరీక్షా కేంద్రంలో జరిగే పని చెప్పడానికి తేలిక. రైతులకు అమ్మబోయే పంపు మోటార్లను కంపెనీలు అక్కడికి పంపిస్తాయి. వాటిని షెడ్డులో బిగించి, ఆపకుండా తిప్పి, ఏది ఎప్పుడు కాలిపోతుందో నమోదు చేస్తారు. కాలిపోయినవాటితో పేచీ లేదు. తేదీ వేసి పక్కన పెడతారు. చిక్కంతా పరీక్ష గడువు ముగిసేసరికి ఇంకా తిరుగుతున్న వాటితోనే. ఇంతవరకు చెడలేదన్న ఒక్క సంగతి తప్ప వాటి గురించి ఎవరికీ ఏమీ తెలియదు. అందుకని ‘చెడిన తేదీ’ అనే గడిలో వాటికెదురుగా ఏమీ రాయరు. ఆ ఖాళీ గడులను కూడా లెక్కలోకి తీసుకుని మోటార్ల ఆయుష్షు అంచనా కట్టే శాస్త్రం ఒకటుంది. ఆ శాస్త్రం చదువుకున్న మనిషి కేంద్రంలో ఒక్కరే. ఆయనే గణాంక అధికారి పద్మనాభం గారు.

డైరెక్టరు హయగ్రీవ ప్రసాద్ గారు షెడ్డంతా తిరిగి, తిరుగుతున్న పంపుల్లో నాలుగోదాని దగ్గర ఆగారు. దాని మూతికి తగిలించిన పైపు వెనక గోడ ఎక్కి అవతలికి దూకింది.

“ఈ గొట్టం ఎక్కడికి పోతోంది?”

“గోడ అవతలికండి,” అన్నాడు ఆపరేటరు ఎలీషా.

“అవతల ఏముంది?”

ఎలీషా పద్మనాభం గారి వంక చూశాడు. “ఆడపిల్లల హాస్టలండి,” అన్నారు పద్మనాభం గారు. “పరీక్ష నీళ్లు ఎటూ తొట్టిలోంచి తీసి తొట్టిలోకే పోస్తాం. కిందటి ఎండాకాలం వాళ్ల బోరు ఎండిపోతే వార్డెను గారు వచ్చి అడిగారు.”

నిజానికి వార్డెను రత్నకుమారి గారు అడగలేదు, నిలదీశారు. “తొట్టిలోంచి తొట్టిలోకేగా పోసుకుంటున్నారు అన్నయ్యగారూ, మధ్యలో మా పిల్లల మీదుగా పోతే మీ సొమ్మేం పోయింది?” అన్నారు. పద్మనాభం గారు రెండు రోజులు ఆలోచించారు గానీ ఆ ప్రశ్నకు జవాబు దొరకలేదు. మూడో రోజు పైపు వేయించారు. అప్పటి నుంచి ఆ హాస్టలుకు నీళ్లంటే నాలుగో పంపే. మునిసిపాలిటీ కొళాయి ఉందిగాని, అది ఉందని చెప్పుకోవడానికే.

డైరెక్టరు గారు గొట్టం సంగతి వదిలేసి, తన గదిలో కంప్యూటరు ముందు కూర్చున్నారు. రాజధానిలో కొత్తగా ‘సర్వాయుష్’ అని ఒక పోర్టల్ తయారుచేశారు. కేంద్రాలన్నీ ఆ సాయంత్రంలోగా తమ వివరాలు దానిలో ఎక్కించాలి. ఎక్కిస్తుంటే ఖాళీ గడి దగ్గరకు వచ్చేసరికి పోర్టల్ ఎర్రగా అయి మొరాయించింది.

“పద్మనాభం గారూ, ఇక్కడ తేదీ ఏది?”

“లేదండీ. అది ఇంకా చెడలేదు.”

“చెడలేదనేది ఒక స్థితి కాదండీ. అదొక పెండింగు. నేను బాధ్యతలు స్వీకరించిన కార్యాలయంలో పెండింగు ఉండరాదు.”

పద్మనాభం గారు ఓపిగ్గా చెప్పారు. ఖాళీ గడులున్న లెక్కలకు ఒక పద్ధతి ఉందనీ, ఆ పద్ధతి సరిగా పనిచేస్తున్నదో లేదో చూసుకోవడానికి తానొక చిన్న ప్రోగ్రాం రాసుకున్నాననీ అన్నారు. “ఉత్తుత్తి మోటార్లను కొన్నింటిని కంప్యూటరులోనే పుట్టించి, వాటికి ఆయుష్షులు కూడా అదే పోస్తుందండీ. గడువు దాటినవాటి ఆయుష్షు మూసిపెట్టి, మన పద్ధతి అసలు సంగతి పట్టుకుంటుందో లేదో చూస్తాం.”

ఆ మాట అని ఉండకూడదని ఆయనకు చెబుతుండగానే తెలిసింది.

“అంటే ఏ మోటారు ఎప్పుడు చెడుతుందో మీ కంప్యూటరు చెప్పగలదన్న మాట!”

“చెప్పదండీ. పుట్టిస్తుంది.”

“మనకు కావలసింది అదే కదా.”

తిరుగుతున్న మోటార్లకు ఆ సాయంత్రం తేదీలు పుట్టాయి. పద్మనాభం గారికి ఒక నియమం ఉంది. ఒక మోటారుకు మీట ఒక్కసారే నొక్కాలి. వచ్చింది నచ్చలేదని మళ్లీ నొక్కితే అది లెక్క కాదు, కోరిక. నాలుగో పంపుకు జూన్ పద్నాలుగు వచ్చింది. పోర్టల్ ఆకుపచ్చగా మారి, ధన్యవాదాలు చెప్పింది.

జూన్ పద్నాలుగున నాలుగో పంపు చెడలేదు. పదిహేనున పోర్టల్ మళ్లీ ఎర్రబడింది. పదహారున ఎలీషాకు మెమో వచ్చింది. అది పట్టుకుని వాడు పద్మనాభం గారి గదికి వచ్చాడు.

“ఇదేందో చదివి చెప్పండి సార్. నాకు తిట్టినట్టుంది గానీ ఎందుకు తిట్టారో తెలవడంలా.”

పద్మనాభం గారు చదివారు. “మీ ఆధీనమందలి నాలుగవ పంపు, ఆమోదిత తేదీన చెడిపోవలసి ఉండగా, పై అధికారుల అనుమతి లేకుండా పనిచేయుట కొనసాగించినది. సదరు క్రమశిక్షణారాహిత్యమునకు మీపై ఎందుకు చర్య తీసుకొనరాదో తెలుపగలరు.”

“నేనేం చేశాను సార్? గ్రీజు పెట్టా.”

“అదే రాద్దామా?”

“వద్దులే సార్. గ్రీజు పెట్టి దాన్ని చెడగొట్టానంటారు... పని చేయించి.” వాడు తల గోక్కున్నాడు. “చెప్పి చూశాను, వినలేదు అని రాయండి.”

పద్మనాభం గారు అదే రాశారు. ఆశ్చర్యమేమంటే డైరెక్టరు గారు ఆ సంజాయిషీని అంగీకరించారు. అందులో యంత్రాన్ని మౌఖికంగా హెచ్చరించినట్టు స్పష్టంగా ఉందట. పంపుకు చెడిపోవడానికి ఒక నెల గడువు పొడిగించారు. ఇదే ఆఖరు పొడిగింపని షెడ్డు తలుపుకు కాగితం అంటించారు.

ఆ నెలలోనే ఇంకో విచిత్రం జరిగింది. డిసెంబరులో చెడవలసిన ఏడో పంపు పొగ కక్కి కాలిపోయింది. డైరెక్టరు గారు దానికి ‘అనధికార వైఫల్యం’ అని పేరు పెట్టి, డిసెంబరు దాకా అది పనిచేస్తున్నట్టే పరిగణించాలని ఆదేశించారు. పనిచేస్తున్న యంత్రం ముందు మనిషి ఉండాలి కనుక ఎలీషా రోజూ కొంతసేపు దాని ముందు కుర్చీ వేసుకుని కూర్చునేవాడు. నూనె పోసేవాడు, తుడిచేవాడు. షెడ్డు మొత్తంలో చప్పుడు లేని చోటు అదొక్కటే కావడంతో వాడికి అక్కడ మంచి నిద్ర పట్టేది.

“అన్నిటికన్నా బుద్ధిమంతురాలు సార్ ఇది,” అనేవాడు. “ఒక్క రోజు ఇబ్బంది పెట్టలా.”

కొండవేలూరు పోర్టల్‌లో ఒక్క ఖాళీ గడి కూడా లేదని రాజధాని నుంచి ప్రశంస వచ్చింది. ప్రశంసలో ఉన్న గుణం ఏమిటంటే అది ఉన్నచోట ఆగదు. డైరెక్టరు గారు కార్యాలయంలోని ఫ్యాన్లకు, ట్యూబులైట్లకు, కుర్చీలకు, మంచినీళ్ల కూలరుకు కూడా తేదీలు వేయించారు. ఆగస్టు నాటికి సూపరింటెండెంటు గారి కుర్చీ గడువు తీరింది. కుర్చీ దిట్టంగానే ఉంది గానీ గడువు తీరిన కుర్చీలో కూర్చుంటే బీమా వర్తించదని ఆయన దాని పక్కనే నిలబడి ఫైళ్లు చూసేవారు. అలసినప్పుడు దానిమీద చెయ్యి వేసుకునేవారు. గడువు తీరిన గోడ గడియారం సరైన టైమే చూపిస్తున్నా ఎవరూ దాని వంక చూసేవారు కాదు.

నాలుగో పంపు పొడిగింపు కూడా ఎప్పుడో దాటిపోయింది. అది తిరుగుతూనే ఉంది. డైరెక్టరు గారు దాన్ని ‘చెడినట్టు పరిగణించబడినది’గా ప్రకటించి, పాత ఇనుము కింద అమ్మేయమన్నారు. లారీ రావలసిన మంగళవారం కూడా ఖాయమైంది.

అలా ఖాయమైన రోజు మధ్యాహ్నమే రత్నకుమారి గారు గేటు దాటి వచ్చారు. ఆవిడ నడక చూసి వాచ్‌మన్ పేరు కూడా అడగలేదు.

“ఏంటన్నయ్యగారూ, మా పంపు అమ్మేస్తున్నారంట?”

“అది చెడిపోయిందమ్మా.”

“చెడిపోతే పొద్దున మా పిల్లలు తలస్నానాలు దేనితో చేశారు?”

“చెడిపోయినట్టు పరిగణించారు.”

“ఆహా! రేపు నీళ్లు రాకపోతే మేము కూడా వచ్చినట్టు పరిగణించుకోమా? నూటయాభై మంది పిల్లలన్నా! బిందెలు పట్టుకుని రోడ్డు దాటి ట్యాంకరు దగ్గర నిలబడితే ఇంక బడికి పొయ్యేదెప్పుడు? పరీక్షల కాలం.” ఆవిడ గొంతు కొంచెం తగ్గించారు. “మీరు వేయించిన పైపు. మీరే ఏదో ఒకటి చెయ్యాల.”

పద్మనాభం గారు డైరెక్టరు గారి గదికి వెళ్లారు. కానీ అక్కడ ఆయన కోసం వేరే పని సిద్ధంగా ఉంది.

“రండి, రండి. ఒక మహత్తర ఆలోచన వచ్చింది. యంత్రాలకు తేదీలు నిర్ధారించాం. యంత్రాలను నడిపే సిబ్బందికి ఎందుకు నిర్ధారించరాదు? ఎవరు ఎప్పుడు పనికిరాకుండా పోతారో ముందే తెలిస్తే ఖాళీల భర్తీ ఎంత సులభతరం కాగలదో ఊహించండి.”

“అది వద్దండీ,” అన్నారు పద్మనాభం గారు.

“కారణం?”

“నాలుగేళ్ల కిందట మా ఆవిడకి అలాంటి గడి నింపాల్సి వచ్చిందండీ, ఆస్పత్రిలో. వాళ్లు తేదీ అడిగారు, చెప్పాను. ఆ ముందు రోజు దాకా అది ఖాళీగానే ఉంది. ఆ రోజు తను ఉప్మాలో ఉప్పు తక్కువైందని కూడా అంది.” “ఖాళీ గడి అంటే పెండింగు కాదు సార్. మనిషి ఇంకా ఇంట్లో ఉన్నట్టు.”

డైరెక్టరు గారు కళ్లజోడు తీసి తుడుచుకున్నారు. మనసు లేని మనిషి కాదాయన. “మీ భావాలను ఈ కార్యాలయం గుర్తిస్తున్నది,” అన్నారు మెల్లగా. “అయితే గడి ఖాళీగా ఉండరాదు. నాతోనే ప్రారంభించండి. ఆదర్శంగా ఉంటుంది.”

“ఈ ప్రోగ్రాముకు మోటార్లు తప్ప ఇంకేమీ తెలియదండీ.”

“దానినే నిష్పాక్షికత అంటారు.”

డైరెక్టరు గారు పుట్టి యాభై ఎనిమిదేళ్లయింది. యాభై ఎనిమిదేళ్లు ఆగకుండా తిరిగిన మోటారును ఆ ప్రోగ్రాం ఎన్నడూ చూసి ఎరగదు. పద్మనాభం గారు మీట ఒక్కసారి నొక్కారు. తెరమీద వచ్చే సోమవారం తేదీ పడింది.

గదిలో ఫ్యాను చప్పుడు వినిపించింది. దానికి కూడా గడువు తీరింది గానీ తిరుగుతోంది.

“మళ్లీ నొక్కండి,” అన్నారు డైరెక్టరు గారు.

“అది లెక్క కాదండీ.”

“అయితే పోర్టల్‌కు పంపకుండా ఆపండి.”

“తేదీ పుట్టగానే దానంతట అదే వెళ్లిపోయేట్టు మీరే పెట్టించారు సార్. ప్రశంస వచ్చిన వారంలో.”

సోమవారం డైరెక్టరు గారు మామూలుగానే ఆఫీసుకు వచ్చారు, ఎప్పటికన్నా కొంచెం నిటారుగా నడుస్తూ. వేలు పెడితే హాజరు యంత్రం తీసుకోలేదు. వరండాలో అందరూ లేచి నిలబడ్డారు. ఎందుకు నిలబడ్డారో ఎవరికీ సరిగా తెలియక కళ్లు దించుకున్నారు. ఎలీషా చేతిలో బంతిపూల దండ ఉంది.

“ఏమిటయ్యా అది?”

“సోమవారం గదా సార్ అని తెచ్చా. దేనికోదానికి పనికొస్తది.”

ఆ సాయంత్రానికి జీతాల విభాగం నుంచి కబురొచ్చింది, ఆయన జీతం ఆ రోజుతో ఆగిందని. రాజధానికి ఫోను చేస్తే అవతలి అధికారి ఎంతో మర్యాదగా సంతాపం తెలిపి, తమరెవరు మాట్లాడుతున్నారని అడిగారు.

మంగళవారం పాత ఇనుము కాంట్రాక్టరు కాశింపీరా లారీ వేసుకుని వచ్చాడు. షెడ్డులోకి వచ్చి నాలుగో పంపు ముందు నిలబడి, చెవి ఒగ్గి విన్నాడు.

“తిరగతా ఉంది గదండీ.”

“సాంకేతికంగా తిరగడం లేదు,” అన్నారు డైరెక్టరు గారు. ఆయన ముఖం రాత్రి నిద్ర లేనట్టుంది.

“మరి ఆ మోతేంది?”

“అది పాత మోత. గమనించనవసరం లేదు.”

“గమనించక తగలబడితే నా చెయ్యి పోద్ది సామీ. తిరిగే మోటారు ఎత్తుకుపోతే రేపు పోలీసోళ్లు నన్ను దొంగంటారు. ఆపించి, ఆపామని మీరు సంతకం చేసియ్యండి. అప్పుడు ఎత్తుతా.”

సంతకం పోర్టల్‌లో చెయ్యాలి. డైరెక్టరు గారు షెడ్డులోని కంప్యూటరు ముందు కూర్చుని వేలు పెట్టారు. తెర ఎర్రబడింది. సదరు అధికారి చెడిన స్థితిలో ఉన్నందున సంతకం చెల్లదని రాసింది.

“నేను ఇక్కడే ఉన్నాను కదా!” అన్నారు డైరెక్టరు గారు, తెరతో. “ఇదిగో, మాట్లాడుతున్నాను. పనిచేస్తూనే ఉన్నాను!”

నాలుగో పంపు మాత్రం తన ధోరణిలో తాను నీళ్లు తోడుతోంది. గోడ అవతల ఎవరో అమ్మాయి బకెట్టు జరిపిన చప్పుడు వినిపించింది. డైరెక్టరు గారు తిరిగి ఆ పంపు వంక చూశారు. ఎంతసేపు చూశారో గానీ, పద్మనాభం గారికి ఆ క్షణంలో ఆయన మీద మనసులో ఎక్కడో జాలి కలిగింది.

“ఒక దారి ఉందండీ,” అన్నారు పద్మనాభం గారు.

“చెప్పండి.”

“తేదీ దాటినా పనిచేస్తున్నవాటికి కొత్తగా ఒక వర్గం పెట్టమని నా సంతకంతో రాజధానిని అడగాలి. కొత్త వర్గమంటే వాళ్లకి ఎప్పుడూ ఇష్టమే. ఆ వర్గంలో చెడిన తేదీ గడి మూసేయాలి. ఎవరూ నింపడానికి వీల్లేకుండా.”

డైరెక్టరు గారి కళ్లలో వెలుగు వచ్చింది. అప్పటికప్పుడు చెప్పడం మొదలుపెట్టారు. “నిర్ధారిత తేదీ గడచిన పిమ్మట కూడా విధులు నిర్వర్తించుచున్న అధికారులు...”

“యంత్రములు మరియు అధికారులు,” అన్నారు పద్మనాభం గారు.

“యంత్రాలు ఎందుకు? లారీ వచ్చి ఉంది. దాన్ని తీసుకుపోనివ్వండి.”

పద్మనాభం గారు ఉద్యోగంలో ఎన్నడూ పై అధికారి మాటకు అడ్డు చెప్పిన మనిషి కాదు. ఈసారి చెప్పారు. “మీ తేదీ, దాని తేదీ ఒకే ప్రోగ్రాంలోంచి వచ్చాయి సార్. తేదీ తప్పని ఒప్పుకుంటే ఇద్దరికీ తప్పే. కాదంటే ఇద్దరికీ కాదు. ఈ రోజు అది లారీ ఎక్కితే ఆ తేదీ సరైనదేనని మనమే ఒప్పుకున్నట్టు. రేపు మీ తరఫున నేనేం రాయను?”

“అంతే మరి,” అన్నాడు ఎలీషా ఎవరినీ చూడకుండా. “ఉంటే ఇద్దరూ ఉండాల, పోతే ఇద్దరూ పోవాల.”

“నువ్వు ఊరుకోవయ్యా!” అన్నారు డైరెక్టరు గారు. అని, లారీ వంక ఒకసారి, పంపు వంక ఒకసారి చూసి, గొంతు సవరించుకున్నారు. “యంత్రములు మరియు అధికారులు... చెడిన స్థితిలోనే నిరంతరాయముగా కొనసాగవలెను. వాటిని ఎవరును ఆపరాదు, కదపరాదు, తరలించరాదు. చెడిన తేదీ గడి శాశ్వతముగా ఖాళీగా ఉంచవలెను.”

కాశింపీరా లారీలోకి కాలిపోయిన ఏడో పంపును ఎక్కించుకుంటానని బతిమాలాడు గానీ, అది డిసెంబరు దాకా పనిచేస్తున్నది కనుక కుదరలేదు. చివరకు సూపరింటెండెంటు గారి కుర్చీ ఎక్కించుకుపోయాడు. సూపరింటెండెంటు గారు గేటు దాకా సాగనంపారు.

రాజధాని ఆ కొత్త వర్గాన్ని రెండు రోజుల్లోనే ఆమోదించింది. అంత త్వరగా ఏదీ ఆమోదం పొందిన దాఖలా లేదు. ఆరా తీస్తే తెలిసిందేమంటే, డైరెక్టరు గారిని చూసి ఉత్సాహపడిన రాజధాని అధికారులు తమకు కూడా తేదీలు వేయించుకుని ఉన్నారట.

ఆమోదం వచ్చిన సాయంత్రం ఎలీషా డ్యూటీ దిగి వెళ్లిపోయాక పద్మనాభం గారు షెడ్డుకు వచ్చారు. కంప్యూటరులో నాలుగో పంపు వరస తెరిచారు. జూన్ పద్నాలుగు పోయింది. ఆ గడిలో ఏమీ లేదు. తెల్లగా ఉంది. ఆయన దాన్ని కాసేపు అలాగే చూసి కంప్యూటరు ఆపేశారు.

గోడ అవతల రత్నకుమారి గారి గొంతు ఖంగుమంటోంది. “ఏయ్ నాగమణీ, ఎన్ని బకెట్లే తలకి! ఆ పంపు ఏమన్నా నీ కోసమే తిరుగుతుందనుకుంటున్నావా?” ఒకేసారి నలుగురైదుగురు పిల్లలు నవ్వారు. ఎవరో ఎవరిమీదో నీళ్లు చల్లారు కాబోలు, కేక, మళ్లీ నవ్వు.

పద్మనాభం గారు మోటారు మీద చెయ్యి ఉంచి చూశారు. గోరువెచ్చగా ఉంది, వణుకు లేదు. లైటు తీసి, బయటికి వచ్చి, షెడ్డు తలుపు చప్పుడు కాకుండా దగ్గరికి వేశారు.